పాలిష్‌లో పోయేంత

మా ఇంట్లో బండల్ని కొలిచే టేపుతోనే మనుషుల్నీ కొలిచేవాళ్లు. ఎర్రగుంట్ల దాటాక రోడ్డు పక్కన మా నాయనకు బండల షాపు ఉంది. ఒక రేకుల షెడ్డు, రెండు పాలిష్ మిషన్లు, గోడకు ఆనించి వరసగా నిలబెట్టిన నల్ల బండలు. బయటి ఊళ్లవాళ్లు వాటిని కడప బండలంటారు. మేం ఉట్టి బండలంటాం. షాపు వెనకాలే ఇల్లు కాబట్టి మిషన్ ఆడినంతసేపూ మా మాటలన్నీ గట్టిగానే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకుంటారు. సగం రోజులు వాళ్లనుకున్నది నిజమే.

మా వ్యాపారంలో ఒక లెక్క ఉంది. ఎవరు పెట్టారో గాని, నేను పుట్టకముందు నుంచీ ఉంది. బండ పొడవును మూడేసి అంగుళాల మెట్లలోనే రాస్తారు, అదీ ఎప్పుడూ పై మెట్టుకే. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మీద గోరంత ఎక్కువున్నా అది ఐదడుగుల బండ కిందే లెక్క. కొనేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. తెలిసినా ప్రతివాళ్లూ ఒకసారి గొణిగి తీరాలి.

"ఏమప్పా, ఇది ఐదడుగులు యాడుండాది? రోంత తగ్గించి రాయి" అంటారు.

"అంచులకు పాలిష్ పట్టేటప్పుడు పోయింది గూడా మా రాయే గదప్పా" అంటాడు మా నాయన, టేపు చుట్టేస్తూ. బేరం అక్కడితో ముగుస్తుంది.

ఆ టేపుకు ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు. రెండో అంచు వైపు మా నాయన ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. అది బడిపిల్లలకు పెట్టింది, వ్యాపారానికి కాదు అనేవాడు. అంతా ఆయన తప్పని కూడా అనలేను. మా ఇంట్లో ఏ కొలతా ఒక పక్కన నిలబడింది లేదు. జాకెట్టు గుడ్డ మీటర్లలో కొని, దర్జీ దగ్గర అంగుళాల్లో కుట్టించుకుంటాం. ఎండ సెంటీగ్రేడులో ఉంటుంది, జ్వరం ఫారన్‌హీటులో ఉంటుంది. ఒక మే నెలలో కడపలో ఎండ నలభై నాలుగని టీవీలో చెబుతుండగా మా అమ్మ నా నోట్లోంచి థర్మామీటరు తీసి చూసింది. నూటొకటి. కడప ఎండకన్నా నేను రెండింతలు కాలిపోతున్నానని బెంబేలుపడి, తడిగుడ్డ మీద తడిగుడ్డ వేసింది. జ్వరం మర్నాటికే పోయింది గాని, ఆ తడిగుడ్డల జలుబు చాలా రోజులు ఉండిపోయింది.

నా ఎత్తు కొలవడానికి మాత్రం నాయనకు టేపు కూడా అక్కర్లేదు. ఏటా బడి తెరిచేనాడు నన్ను షెడ్డులోకి తీసుకుపోయి ఏదో ఒక బండకు ఆనించి నిలబెట్టేవాడు. మూడడుగుల బండ, మూడున్నర బండ, నాలుగడుగుల బండ. నా తల ఏ బండ అంచుకు వస్తే ఆ ఏడంతా నేను ఆ బండ. చుట్టాలు నేనేం చదువుతున్నానని అడిగితే తరగతి మర్చిపోయి, "మూడున్నర అడుగుల బండ అయింది" అని చెప్పిన మనిషి ఆయన. ఇంటర్ రెండో ఏడు ఐదడుగుల బండకు సమానంగా వచ్చాను. నా నెత్తి మీద అరచెయ్యి పెట్టి, దాన్ని అట్లాగే బండ మీదికి జరిపి చూసి, "ఐదడుగులు నిండె" అన్నాడు. ఆ తర్వాత నేను పెరగలేదు. ఆ బండ ఎవరింటి అరుగుకో పోయింది.

డిగ్రీ ఆఖరి ఏడాదిదాకా నా ఐదడుగులతో ఎవరికీ పని పడలేదు. అప్పుడు నాకు కానిస్టేబుల్ ఉద్యోగం మీద మనసు పడింది. ఎర్రగుంట్ల నాలుగురోడ్ల దగ్గర ఒక ఆడ కానిస్టేబులు చెయ్యి ఎత్తితే సిమెంటు లారీలు వరసగా ఆగిపోవడం చూశాను. మా ఇంట్లో నేను గొంతు చించుకుని అరిచినా ఒక్క పాలిష్ మిషన్ ఆగదు. అట్లాంటి చెయ్యి నాకూ కావాలనిపించింది. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు వద్దంటారనుకున్నాను. మా నాయన మాత్రం, "లారీలు ఆపుతాది అంట. ముందు మీ తమ్ముని లారీ ఆపమను, రోడ్డు మీద ఎగిరి పోతాంటాడు" అని మా అమ్మ వైపు చూసి నవ్వాడు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, సిమెంటు లారీ నడుపుతాడు.

రాతపరీక్ష గట్టెక్కాను. ఇక పరుగు. పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి. దాన్ని అందరూ మైలే అంటారు. మైలంటే ఇంకా కాస్త ఎక్కువని నాకు తెలుసు గాని, పరిగెత్తేది నేను కాబట్టి ఆ తక్కువ గురించి ఎవరితోనూ వాదించలేదు. పొద్దున్నే రోడ్డంచున కిలోమీటరు రాళ్ల మధ్య పరిగెత్తేదాన్ని. వెనకాల మా నాయన మోటారు సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు. నాకు ధైర్యం చెప్పడానికట. కుక్కలు మాత్రం ఆ హారన్‌కు లేచి నా వెంట పడేవి. దానివల్ల నా పరుగు బాగా మెరుగుపడిందన్నది నిజం.

ఎత్తు సంగతి పరుగంత సాఫీగా సాగలేదు. ఆడవాళ్లు నూట యాభై రెండున్నర సెంటీమీటర్లు ఉండాలని ప్రకటనలో ఉంది. మా ఇంట్లో ఆ అంకెను అడుగుల్లోకి తిప్పడానికి పెద్ద పంచాయితీ జరిగింది. బడిలో వాడిన స్కేలు చూస్తే అడుగుకు ముప్పై సెంటీమీటర్లు. ఆ లెక్కన ఐదడుగులకు నూట యాభయ్యే వస్తుంది, నేను ఒక అంగుళం తక్కువ. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఆ స్కేలునే కిటికీ దగ్గర పెట్టి చూస్తే ముప్పై ముందే అయిపోయి, పన్నెండో అంగుళం ఇంకా కాస్త అవతల ఉంది. అడుగుకు ముప్పైన్నర వేశాను. ఐదడుగులకు నూట యాభై రెండున్నర. ప్రకటనలో ఉన్నదీ అదే. ప్రకటన రాసినవాళ్లు ఐదడుగులనే అనుకుని సెంటీమీటర్లలో రాశారన్నమాట. లెక్క అంత చక్కగా కుదిరితే మళ్లీ ఫోనులో ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు.

"ఐదడుగులుంటే సాలంట" అని మా నాయన షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. "మా పాప ఐదడుగులు నిండా ఉండాది."

అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి అడిగింది. "పాపను ఆనిచ్చిన బండ నిజంగా ఐదడుగులా, లేకుంటే నీ యాపారం లెక్క ఐదడుగులా?"

షాపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వ్యాపారం లెక్క అయితే నేను నాలుగడుగుల తొమ్మిదంగుళాల పైన ఎంతైనా కావచ్చు. "నిజం ఐదడుగులే" అన్నాడు మా నాయన. అన్నాడు గాని, ఆయన నోట ఐదడుగులన్న మాట నమ్మే మనిషి మా మండలంలో లేడు.

టేపు పెట్టి కొలుచుకోవచ్చు కదా అంటారు. కొలిచాం. మా టేపుకు చివర ఉండే కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. అందుకని ఒక అంగుళం వదిలి అక్కడి నుంచి కొలిచి, తర్వాత ఆ అంగుళం తీసేయాలి. ఆయన ఒకసారి తీసేసేవాడు, ఒకసారి మర్చిపోయేవాడు, ఒకసారి తీసేశానో లేదో అని ఇంకోసారి తీసేసేవాడు. ఒక్క పొద్దులో నేను మూడు ఎత్తులు మారాను. ఇది కాదని ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి పోయాను. అక్కడ గోడ మీద పిల్లల్ని కొలిచే పట్టీ సెంటీమీటర్లలో ఉంది. నూట యాభై ఐదు దాటాను. ఎగిరి గంతేయబోయేదాన్నే. మా నాయన కిందికి చూశాడు.

"ఈ బండలు మనయ్యే" అన్నాడు మెల్లగా. "పట్టీ అంటిచ్చినంక పరిచినారు. బండ ముక్కాలంగుళం. కింద సిమెంటు ఎంతేసినారో ఆ మేస్త్రీకే తెలియాల."

పట్టీ మొదలు మా బండల కింద పూడిపోయింది. ఊరంతా పిల్లలు ఉన్నపళంగా ఎత్తు పెరిగినట్టు రాసుకుంటున్నారని, నర్సమ్మకు చెప్పాల్నా వద్దా అని తల గోక్కుంటూ బయటికి వచ్చాం.

కొలవడం మానేసి, ఉన్న ఎత్తును కాపాడుకునే పనిలో పడ్డాం. మనిషి పొద్దున లేచినప్పుడు ఎత్తు ఎక్కువ ఉంటాడని, నిలబడి, కూర్చుని ఉండేకొద్దీ వెన్ను అణిగి సాయంత్రానికి కాస్త తగ్గుతాడని ఫోనులో చదివి నాయనకు చెప్పాను. చెప్పి ఉండకూడదు. సిమెంటు మూటల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్న మూట అణగడం రోజూ చూసే మనిషాయన. వెంటనే అర్థమైపోయింది. కర్నూల్లో డిగ్రీ చదువుతూ అక్కడి నుంచే అప్లికేషన్ పెట్టినందువల్ల నాకు అక్కడి గ్రౌండే పడింది. ఎర్రగుంట్ల నుంచి కర్నూలుకు బస్సులో కూర్చుని పోతే నేను ఎంత అణిగిపోతానో తలచుకుని ఆయనకు చెమటలు పట్టాయి.

అట్లా నేను మా మామ సిమెంటు లారీలో, డ్రైవరు సీటు వెనకాల ఉండే బల్ల మీద వెల్లకిలా పడుకుని కర్నూలుకు బయలుదేరాను. ఇంకా తెల్లారలేదు. మంచం మీద నుంచి లారీదాకా మాత్రం నడవనిచ్చారు.

"నిదానంగా పోనీ అబ్బీ" అని మా నాయన ప్రతి గుంతకూ అరిచేవాడు. "గుంతకు ఒక గీత పోతాది."

"బావా, ఇది సిమెంటు లారీ, పూల పల్లకీ కాదు" అన్నాడు మా మామ.

మైదుకూరులో టీకి ఆపారు. నేను లేవబోయాను. మా నాయన చూపుడువేలుతో నన్ను మళ్లీ పడుకోబెట్టి, కొట్లోంచి కూల్‌డ్రింకు స్ట్రా ఒకటి తెచ్చి టీ గ్లాసులో వేసి ఇచ్చాడు. మరిగే టీని స్ట్రాతో పీలిస్తే ఏమవుతుందో ఆయన లెక్కలో లేదు. నాలుక కాలి నేను మూలుగుతుంటే టీ కొట్టు దగ్గరి పెద్దాయన ఒకడు లారీలోకి తొంగి చూశాడు.

"అయ్యో, ఏమైందప్పా పాపకు? కర్నూలు పెద్దాస్పత్రికి తీసకపోతాండారా?"

"ల్యాదప్పా. పోలీసు ఉద్యోగానికి" అన్నాడు మా నాయన.

ఆ పెద్దాయన నన్ను కాళ్ల నుంచి తలదాకా ఒకసారి చూసి, తన టీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డ దాటేవరకు మా మామ నవ్వుతూనే ఉన్నాడు. నేను మాత్రం లారీ పైకప్పు చూస్తూ, బయట తెల్లారుతున్న వెలుతురును బట్టి ఎక్కడున్నామో ఊహించుకుంటూ, చెయ్యెత్తి లారీల్ని ఆపుతున్నట్టు మనసులోనే సాధన చేసుకున్నాను. భయంగా ఉంది. ఇది పోతే ఇక ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుందని తెలుసు. అంతకన్నా ఎక్కువగా, ఆ ఖాకీ చొక్కా నాకు నిజంగా కావాలి.

గ్రౌండు గేటు దగ్గర దిగాను. మడమలు గట్టిగా ఆనించకుండా నడవమని నాయన గుర్తు చేశాడు. వెంట వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. కొప్పు విప్పమన్నారు, విప్పాను. ఒక కమ్మీకి వీపు ఆనించి నిలబడ్డాను. పైనుంచి ఒక పలక దిగి నా నెత్తి మీద ఆగింది. పక్కన ఎర్రంకెలు వెలిగాయి. నూట యాభై రెండు పాయింట్ నాలుగు.

నాకు అంకె అర్థమైంది గాని, సంగతి అర్థం కాలేదు. ఇంకోసారి చూడమని అడిగాను. అక్కడున్న మేడం మంచి మనిషి. తనే వచ్చి నా గదవ పట్టుకుని తల నిటారుగా పెట్టి మళ్లీ కొలిపించింది. మళ్లీ అదే. "ఒక్క మిల్లీమీటరే తల్లీ. కానీ నా చేతిలో ల్యాదు" అంది. పక్కన పరుగుకు పిలుస్తున్నారు. నేను ఆ పక్కకు పోనే లేదు. అన్ని పొద్దులు కుక్కల ముందు పరిగెత్తిన పరుగు అట్లాగే కాళ్లలో ఉండిపోయింది.

బయట గోడ నీడలో మా నాయన, మా మామ నిలబడి ఉన్నారు. నా ముఖం చూడకముందే నాయన అడిగాడు.

"ఎంత?"

"నూట యాభై రెండు పాయింట్ నాలుగు."

"అడుగుల్లో చెప్పు."

ఫోను తీసి కొట్టాను. అంతకుముందు ఎందుకు కొట్టలేదో నాకే తెలియదు. అరవై అంగుళాలని చూపించింది. వెనకాల చుక్క లేదు, తోక లేదు. ఉట్టి అరవై.

ఆయన ముఖం వెలిగిపోయింది. మా మామ భుజం పట్టి ఊపాడు. "సూసినావా అబ్బీ? ఐదడుగులు. నూలు ఎక్కువ ల్యా, తక్కువ ల్యా. మీ యక్క నమ్మల్యా. ఆ పొద్దు షెడ్డంతా ఎతికి నిజం ఐదడుగుల బండ ఏరి నిలబెట్టినా పాపను. బిడ్డకు గూడా యాపారం లెక్క ఏస్తానా నేను?"

ఇన్నాళ్లూ మా అమ్మ అన్న ఆ మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది. అంత సంతోషంగా ఉన్న మనిషికి మిగతాది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే నా ముఖం చూశాడు.

"మల్ల ఎందుకు అట్లుండావు?"

"వాళ్లకు నూట యాభై రెండున్నర కావాల నాయనా."

"ఐదడుగులంటే అదే గదా?"

"కాదు. అడుగంటే ముప్పైన్నర కంటే రోంత తక్కువ. ఎవురో పైకి రాసుకున్నారు."

"గవర్నమెంటోళ్లు గూడా మన మాదిరే పైకి రాసుకుంటారా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. తర్వాత, "ఎంత తక్కువ?" అన్నాడు.

ఆయన జేబులోనే టేపు ఉంది. ఎక్కడికి పోయినా ఉంటుంది. నేనే తీసి, ఆయన ఎప్పుడూ చూడని అంచు పైకి తిప్పి, ఒక గీతకూ దాని పక్క గీతకూ మధ్యన గోరు పెట్టి చూపించాను. అద్దాలు పెట్టుకుని చూశాడు. మా మామ కూడా వంగి చూశాడు.

"ఇదా?"

"ఇదే."

తన గోరు కూడా ఆ గీతల మధ్య పెట్టి చూశాడు. "ఇది పాలిష్‌లో పోతాది గదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పొద్దున చూడని దారంతా చూసుకుంటూ వచ్చాను. వెనక బల్ల మీద మా నాయన అటు తిరిగి పడుకున్నాడు. మైదుకూరులో మళ్లీ ఆపితే టీకి దిగలేదు. నేనే గ్లాసు తీసుకుపోయి, "స్ట్రా ఏమైనా కావాల్నా?" అని అడిగాను. అప్పుడు ఇటు తిరిగాడు. మొదట నవ్వింది ఆయనే.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. లారీలు ఆపలేను గాని, చెయ్యెత్తితే తరగతి నోరు మూసుకుంటుంది. అడుగుకు ముప్పైన్నర అని ఎవరైనా రాస్తే మార్కు కోసేస్తాను. ముప్పై పాయింట్ నాలుగెనిమిది రాయాల్సిందే. పిల్లలు వెనకాల నన్ను ముప్పై పాయింట్ నాలుగెనిమిది మేడం అంటారు. నా పేరు కన్నా అదే పొడుగు, ఆ విధంగానైనా కాస్త పెరిగాను. ఆ ఉద్యోగం పోయిందన్న బాధ పూర్తిగా పోలేదు. నాలుగురోడ్ల దగ్గర ఖాకీ చెయ్యి లేస్తే ఇప్పటికీ బస్సు కిటికీలోంచి మెడ చాపి చూస్తాను.

మొన్న ఆదివారం ఇంటికి పోతే షాపులో ఒకాయన మెట్లకు బండలు ఏరుకుంటున్నాడు. పాత ఖాతాదారు, మా లెక్క తెలిసినవాడు. మా నాయన ఒక బండకు టేపు పెట్టాడు. కొత్త టేపు, కొక్కెం ఉంది. సెంటీమీటర్ల అంచు పైకి తిప్పి చూస్తున్నాడు. కొన్నాళ్లుగా ఇట్లాగే చేస్తున్నాడని, రాబడి ఎటు పోతోందో తెలియడం లేదని మా అమ్మ నా చెవిలో సణిగింది.

"ఐదడుగులు రాసుకోప్పా. ఈ తూరి నేనేం గొణగను" అన్నాడు ఆ వచ్చినాయన నవ్వుతూ.

"ఐదడుగులు ల్యాదప్పా. రోంత తక్కువుండాది" అన్నాడు మా నాయన, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటూ.

"రోంతే గదా. నీకు ఇదేం కొత్త?"

మా నాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మిషన్ ఆగి ఉంది కాబట్టి గట్టిగా అరవాల్సిన పని లేదు.

"రోంత అంటే ఎంతో మాకు తెలుసప్పా" అన్నాడు.